ఆఖరి రీలు

“ఉల్లిపాయలు సన్నగా తరుగు గౌరీ. పోయినసారి ముక్కలు లావయిపోనాయని గురునాథరావు గారన్నారు.”

మా ఆయన ఈ మాట గడ్డం గీసుకుంటూ అద్దంతో అన్నారు. ఆదివారం పొద్దున్న. నేను వంటింట్లో ఉప్మాకి రవ్వ వేయిస్తున్నాను. ఇంటికి కాదు, హాలుకి. పోయినసారి ఆ లావు ముక్కల ఉప్మానే గురునాథరావు గారు మళ్ళీ పెట్టించుకుని తిన్నారు. వడ్డించింది నేనే కాబట్టి నాకు తెలుసు. అయినా ఏమీ అనలేదు. అంటే అక్కడ రవ్వ మాడుతుంది.

మా ఆయన శ్రీరామ్మూర్తికి పోర్టులో ఉద్యోగం. నెలకో ఆదివారం మాత్రం ఫిల్మ్ సొసైటీకి సెక్రటరీ, గురునాథరావు గారు అందులో సభ్యులు. బీచ్ రోడ్డులో ఒక పాత క్లబ్బు హాలు తీసుకుని, మద్రాసు నుంచి రైల్లో రేకు పెట్టెల్లో వచ్చే ఇంగ్లీషు సినిమాలు వేస్తారు. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక ఎక్కడెక్కడి ఇంజనీర్లో ఊళ్ళోకి దిగారు, సభ్యులు పెరిగారు. ఈ ఏడాదంతా ఒక్క హీరో సినిమాలే. క్లిఫర్డ్ హేన్. అతను మొదట వేసిన వేషం నుంచి ఆఖరిదాకా వరసగా చూడటం, చూశాక కుర్చీలు గుండ్రంగా వేసుకుని చర్చించడం. హాల్లో ప్రొజెక్టరు ఒక్కటే. ఒక రీలు అయిపోతే లైట్లు వేసి రెండోది ఎక్కించేదాకా ఆగాలి. ఆఖరి రీలు ఎక్కించగానే ఆడవాళ్ళం లేచి వెనక వరండాలోకి వెళ్ళాలి. కిరోసిన్ స్టవ్వు వెలిగించి, టీ కాచి, ఉప్మా వేడి చేసి, సినిమా అయ్యేసరికి అన్నీ సిద్ధంగా ఉంచాలి. సముద్రపు గాలికి స్టవ్వు ఊరికే ఆరిపోతుంది. రీలు పెట్టెల మూతలు చుట్టూ నిలబెట్టి మంటని కాపాడుకుంటాం. ఇలా చెయ్యాలని ఎవరూ రూలు పెట్టలేదు. మిగతా వాళ్ళు వంతులు వేసుకున్నారు. సెక్రటరీ భార్యకి వంతులుండవు.

అందుకని నేను చూసిన సినిమాలు వేటికీ చివర లేదు. ఇంటికొస్తూ స్కూటరు మీద అడిగితే, “ఏటవుతాది? పెళ్ళయిపోతాది,” అంటారాయన. అలా పెళ్ళయిపోయిందన్న సినిమాలో హీరో యుద్ధంలో చచ్చిపోయాడని నెల తర్వాత వాళ్ళ చర్చల్లో తెలిసింది.

ఒకసారి మా అత్త రామలక్ష్మమ్మ ముందు కాస్త విసుక్కున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. “మొగుడితోటి సినిమాకెల్తన్నావు. ఇంకేటి కావాలే నీకు? నాను పెళ్ళయిన పదేళ్ళకి గాని బస్సెక్కనేదు.” ఆవిడతో పోల్చుకుంటే నాకు చాలా ఇచ్చినట్టే. ఇంట్లో ఎప్పుడు ఏది అడిగినా, అంతకంటే లేని మనిషిని ఒకరిని తెచ్చి పక్కన నిలబెడతారు.

సినిమాల పేర్లు నాకు గుర్తుండవు. నేను పెట్టుకున్న పేర్లే గుర్తు. ఓడ సినిమా, టోపీ సినిమా, గుర్రాల సినిమా. ఓడ సినిమాలో క్లిఫర్డ్ హేన్ కుర్రవాడు, మెడ సన్నం. రేవులో అతన్ని ఓడెక్కించడానికి ఒక అమ్మాయి వస్తుంది. అరచేత్తో కాక, వేళ్ళు మడిచి, గోళ్ళ వైపు నుంచి అతని కోటు భుజం దులుపుతుంది. దుమ్మేమీ లేదు. ముట్టుకోవడానికి ఒక సాకు కావాలి. ఆ అమ్మాయి ముఖం తెరంతా నిండింది. మన రేవులోంచి ఓడలు వెళ్ళడం రోజూ చూస్తున్నా, ఒక ఓడ వెళ్ళిపోతుంటే నాకు ఏడుపొచ్చింది అప్పుడే. తర్వాత సినిమాల్లో ఆ అమ్మాయి లేదు. ప్రతి సినిమాకీ ఒక కొత్త పిల్ల. అతనికి చెవుల దగ్గర నెరిసింది, కళ్ళ కింద గీతలు పడ్డాయి, నడుం లావెక్కింది. ఆ పిల్లలు మాత్రం ఇరవై దాటలేదు. నిజం చెప్పాలంటే సినిమా సినిమాకీ ఆ మనిషి మీద నాకు అసూయ పెరిగింది. నాకు ముప్ఫై ఆరు. మొన్న పూల చీర కట్టుకుంటే మా అత్త, “ఈ వయసులో ఈ పువ్వులేటే, ఎవులైనా సూస్తే నవ్విపోతారు,” అంది. ఆవిడ కొడుక్కి నలభై మూడు. ఆయన కొత్తగా చారల చొక్కా కుట్టించుకుంటే, “నా కొడుకు కలెక్టరు బాబులాగున్నాడు,” అంది.

గుర్రాల సినిమా అయిన మర్నాడు పొద్దున్న, ఆయన గడ్డం గీసుకుంటుంటే చెప్పాను. “గమనించారా? అతని ముఖం మీద గీతలు పడుతున్నకొద్దీ కెమెరా దగ్గరకెళ్తోంది. ఆడవాళ్ళకి గీతలు పడకముందే మనిషిని మార్చేస్తున్నారు.”

“ఊఁ,” అన్నారాయన. “తువ్వాలేదీ?”

తువ్వాలిచ్చాను. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా, బి.ఏ. చదివినదాన్నని నాకు నేనే గుర్తు చేసుకునేది ఇలాంటి మాట ఒకటి నోట్లోంచి వచ్చినప్పుడే. ఆ రోజంతా ఆ మాట నా దగ్గరే ఉన్నట్టు, పప్పు రుబ్బుతూ కూడా సంతోషంగా ఉన్నాను.

మరుసటి నెల చర్చలో నేను టీ కప్పులు పట్టుకుని వరండాలోంచి లోపలికి వస్తున్నాను. మా ఆయన గొంతు. “నాకొక సంగతి తట్టిందండీ. అతని ముఖం మీద గీతలు పడుతున్నకొద్దీ…” ఒక్క అక్షరం తేడా లేదు. ఆయన జ్ఞాపకశక్తి ఇంత మంచిదని నాకు తెలియదు. కొత్తిమీర తెమ్మంటే మరిచిపోతారు.

“శ్రీరామ్మూర్తి గారూ!” అంది పైడిరత్నం గారు. “ఎంత మాటన్నారండీ! మామూలుగా మగవాళ్ళకి తట్టే సంగతి కాదిది.”

గుండ్రంగా వేసిన కుర్చీల్లో చీర కట్టుకున్న మనిషి ఆవిడొక్కరే. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. పెళ్ళి చేసుకోలేదు, మహారాణిపేటలో ఒక గది తీసుకుని ఉంటుంది. గంజి పెట్టిన నేత చీర, మణికట్టు లోపలి వైపుకి తిప్పిన గడియారం. ఆ మెచ్చుకోలుకి మా ఆయన తల వంచుకుని నవ్వారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అలా సిగ్గుపడలేదు. నేను ఆవిడకి టీ ఇచ్చాను. ఆవిడ మా ఆయన్నే చూస్తూ, “థాంక్సండీ,” అని అందుకుంది.

ఇంటికొచ్చేటప్పుడు, “ఆ మాట నేనన్నదే కదండీ,” అన్నాను.

“ఏ మాట?”

“కెమెరా మాట.”

“నువ్వన్నావా?” స్కూటరు కాస్త నెమ్మదించింది. “నాకూ అనిపించిందిలే. ఆలుమగలం కదేటి, ఇద్దరికీ ఒకటే అనిపిస్తాది.”

ఆ తర్వాత నెలలు నాకు బాగా గడవలేదు. ఆవిడ చీరల రంగులు నాకు తేదీల్లా గుర్తుండిపోయాయి. అంచు విరిగిన కప్పు ఏరి ఆవిడకే ఇచ్చేదాన్ని. ఆవిడ రెండో వైపు నుంచి తాగేసి, విరిగిందని కూడా చూసుకోకుండా మాట్లాడుతూనే ఉండేది. అదీ భరించలేకపోయాను. మా ఆయన అన్నం తింటూ, “పైడిరత్నం గారు పాయింటు పట్టేస్తారు,” అంటే, నేను ఇంకో గరిటె పులుసు పోసేదాన్ని. ఆవిడ దగ్గర ఉల్లిపాయ వాసన రాదు. ఆవిడ మాట్లాడుతుంటే ఎవరూ “తువ్వాలేదీ?” అని అడగరు. మొదట్లో నా అసూయ మా ఆయన గురించే అనుకున్నాను. అలా అనుకోవడం సులువు, ఊళ్ళో అందరికీ అర్థమయ్యే అసూయ అది. ఒక ఆదివారం వాళ్ళిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతుంటే, నేను చూస్తున్నది వాళ్ళని కాదనీ, వాళ్ళ వెనక ఖాళీగా ఉన్న ఆవిడ కుర్చీని అనీ తెలిసింది. ఆవిడ మెచ్చుకున్నది నా మాటని. మెచ్చుకోలు మాత్రం ఆయన ముఖం మీద పడింది. నా వస్తువుని ఎవరో కొని, డబ్బు ఇంకొకరి చేతిలో పెట్టినట్టు. ఆయన మీద కోపం వచ్చింది గానీ, ఆవిడ మీద పడ్డ కుళ్ళు దానికంటే పెద్దది. ఎందుకంటే ఆవిడ ఒక మాటంటే అది ఆవిడదే అవుతుంది.

పదిరోజుల కిందట మా ఆయన హుషారుగా ఇంటికొచ్చారు. ఆఖరి సినిమాకి చర్చ ఆయన్నే మొదలుపెట్టమని పైడిరత్నం గారు అడిగిందట. చెప్పులు విప్పుతూనే వంటింటి గుమ్మం దగ్గరకొచ్చారు. అద్దం లేకుండా నాతో మాట్లాడటం ఆశ్చర్యమే.

“గౌరీ, ఆ కెమెరా పాయింటు ఈ సినిమాకి పనికొస్తాదా? నీకేటనిపిస్తంది?”

“నేను ఆఖరి రీలు చూడను కదండీ.”

“నాను చూస్తాను కదా. అవగానే వరండాలోకొచ్చి చెప్తాను. నువ్వు ఉప్మా పెడతా ఆలోచించీ.”

ఆయన హాస్యమాడటం లేదు. ఆ మాట నాదని ఆయనకి మొదటినుంచీ తెలుసనీ, దొంగిలించానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదనీ ఆ ముఖం చూస్తే తెలిసింది. పెరట్లో కరివేపాకు దూసుకున్నంత మామూలుగా తీసుకున్నారు.

ఇదిగో, ఆఖరి సినిమా ఆదివారమే ఇది. ఉల్లిపాయలు సన్నగా తరిగాను. ఉప్మా గిన్నె ఒళ్ళో పెట్టుకుని స్కూటరెక్కాను.

ఆఖరి సినిమాలో క్లిఫర్డ్ హేన్‌కి యాభై దాటాయి. పెద్ద కంపెనీ యజమాని. తన దగ్గర టైపు చేసే పిల్లని ప్రేమిస్తాడు. రెండు రీళ్ళు కథ అలా నడిచింది. లైట్లు వెలిగాయి. ప్రొజెక్టరు నడిపే వీర్రాజు ఆఖరి రీలు ఎక్కించాడు. లైట్లు ఆరాయి. గురునాథరావు గారి భార్య చిలకమ్మ గారు కూతురి పురిటికి అనకాపల్లి వెళ్ళింది, వంతు ఉన్న ఇంకొకావిడకి జ్వరం. వరండాలోకి వెళ్ళాల్సింది నేనొక్కదాన్నే.

వెళ్ళలేదు. పెద్ద నిర్ణయమేమీ తీసుకోలేదు. లేవాలి అనుకున్నాను, కాళ్ళు లేవలేదు. కాసేపటికి ముందు వరసలోంచి మా ఆయన తల వెనక్కి తిరిగింది. ఇంకొంచెంసేపటికి వంగి వంగి నా దగ్గరకొచ్చారు.

“స్టవ్వెలిగించలేదేటి?”

“సినిమా అవనీండి.”

“అవగానే అందరూ లేస్తారే!”

“అయితే మీరు వెలిగించండి. అగ్గిపెట్టె సంచీలో ఉంది.”

ఆయన నిటారుగా నిలబడిపోయారు. తెర మీద ఆయన తల నీడ పడింది. “సెక్రటరీ బావా, హీరోకి అడ్డం రాకయ్యా!” అని వెనకనుంచి ఎవరో కేకేశారు. అందరూ నవ్వారు. ఆయన వరండాలోకి వెళ్ళారు. మూత కింద పడ్డ చప్పుడయింది, తర్వాత ఇంకోటి. గాలి బాగా ఉంది ఆ రోజు.

తెర మీద క్లిఫర్డ్ హేన్ ఆ పిల్లని తన తల్లికి చూపించడానికి తీసుకెళ్ళాడు. తెల్లజుట్టు మనిషి, గదికి ఆ చివర, దూరంగా కిటికీ దగ్గర. ముఖం సరిగా చూపించలేదు. తర్వాత అతని ముఖం తెరంతా వచ్చింది. గీతలన్నీ వెలుగులో ఎంత అందంగా ఉన్నాయో. ఆ పక్కన, అతని కోటు భుజం మీదకి ఆ తల్లి చెయ్యి ఒక్కటే వచ్చింది. వేళ్ళు మడుచుకుని, గోళ్ళ వైపు నుంచి దులిపింది. దుమ్మేమీ లేదు.

ఆవిడే. ఓడెక్కించిన అమ్మాయే. జుట్టుకి తెల్లరంగు పూసి, దూరంగా నిలబెట్టారు. ఆవిడ చెయ్యి ముసలిది కాదు. నా చెయ్యి లాగానే ఉంది.

లైట్లు వెలిగాయి. కుర్చీలు గుండ్రంగా జరిగాయి. నేను నా కుర్చీ జరిపి వాళ్ళ మధ్య వేసుకోలేదు, ఉన్నచోటే ఉన్నాను. మా ఆయన కిరోసిన్ వాసనతో, కళ్ళు ఎర్రగా, వేళ్ళకి మసితో వచ్చి కూర్చున్నారు. టీ ఇంకా కాగలేదు.

“చెప్పండి శ్రీరామ్మూర్తి గారూ,” అంది పైడిరత్నం గారు. “ఆఖరి రీలుతో మీ కెమెరా మాట నిలబడిందా, పోయిందా?”

ఆయన గొంతు సవరించుకున్నారు. చారల చొక్కా జేబు సర్దుకున్నారు. నా వైపు చూశారు. కొత్తిమీర మరిచిపోయి వచ్చినప్పటి చూపు అది. ఎప్పుడూ ఆ చూపుకి, “పోన్లెండి, నేను చూసుకుంటాను,” అంటాను.

“ఆయన ఆ రీలు చూళ్ళేదండీ,” అన్నాను. “నేను చూశాను.”

అన్ని తలలూ తిరిగాయి. నా గొంతు నాకే కొత్తగా, కాస్త సన్నగా వినిపించింది. అయినా చెప్పాను. ఓడ సినిమాలో కోటు దులిపిన అమ్మాయీ, ఇప్పటి తల్లీ ఒక్కరేనని చెప్పాను.

“అబ్బే, ఆవిడెవరో ముసలావిడమ్మా,” అన్నారు గురునాథరావు గారు నవ్వుతూ.

“చెయ్యి చూడండి, జుట్టు కాదు. అప్పుడు ఇద్దరూ ఒక ఈడు వాళ్ళే. అతను ఇన్నేళ్ళూ హీరోగానే ఉండిపోయాడు. ఆవిడ అతనికి తల్లయిపోయింది. కెమెరా దూరం జరగడమే కాదండీ, చివరికి ఆవిడలో ఒక్క చెయ్యే మిగిల్చారు. అది కూడా అతని భుజం దులపడానికి.”

వరండాలో పాలు పొంగి స్టవ్వు మీద పడ్డ చప్పుడు వినిపించింది. మా ఆయన లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. ఎవరు వెళ్ళాలో ఆయనకి తెలియలేదు.

పైడిరత్నం గారు కుర్చీలో పూర్తిగా నా వైపు తిరిగింది. ఆవిడ నన్ను చూడటం అదే మొదటిసారి. ఎవరి ముఖమూ చూసుకోకుండా అడగాలనుకున్నది అడిగేసే ఆ తీరు మీద ఆ క్షణంలో కూడా నాకు కుళ్ళు పుట్టింది.

“ఇన్ని నెలలూ ఇక్కడే ఉన్నారు. ఇంత బాగా చూసే మనిషి, ఒక్కసారైనా ఎందుకు మాట్లాడలేదండీ?”

“మాట్లాడానండీ,” అన్నాను. “మీరు మెచ్చుకున్నారు కూడా.”