వెనక గేటు మూసిన నెల

ఫోన్ తన అడుగులు లెక్కపెడుతోందంటే అంతోనమ్మ పెద్దగా పట్టించుకోలేదు. ఫిల్మ్‌నగర్‌లో తను వంట చేసే ఇంటావిడ మంజులత అడిగిందని సరేనంది. నడక యాప్ పెట్టుకుంటే జనం నిజంగా ఎక్కువ నడుస్తారా అని ఒక కంపెనీ పరీక్షిస్తోందట. రెండువందల మందిని చేర్చుకున్నారు. మొదటి నెల ఊరికే లెక్కపెడతారు. రెండో నెల "శభాష్, ఇంకొంచెం నడవండి" అని మెసేజ్‌లు పంపి, తేడా చూస్తారు.

రెండో నెల మొదలైన వారమే అపార్ట్‌మెంట్ వాళ్లు పనివాళ్లకు వెనక గేటు మూసేశారు. షేక్‌పేట నుంచి సందులో నడిచొచ్చే అంతోనమ్మకు అదే దగ్గర దారి.

"నన్నేం జేయమంటవ్ అక్కా? పనోళ్లను గీడికెల్లి పంపొద్దని మీటింగుల రాసుకున్నరు. మెయిన్ రోడ్డు దిక్కు తిరిగి రా," అన్నాడు వాచ్‌మన్.

తిరిగి రావడమంటే గుట్ట చుట్టూ ఎక్కి రావడం. పొద్దునోసారి, సాయంత్రమోసారి. పది రోజులకే అంతోనమ్మ మోకాలు వాచింది. ఆయాసపడుతూ ఎక్కుతుంటే చేతిసంచిలో ఫోన్ మోగేది. అద్భుతం, మీరు దూసుకుపోతున్నారు, అని. మంజులతకు చెప్పుకుంటే, "అందరికీ పెట్టిన రూలే కదా," అంది. అందరికీ ఎక్కడ? ఫ్లాట్లవాళ్లు కార్డు చూపించి అదే గేటులోంచి వాకింగ్‌కి వెళ్తూనే ఉన్నారు.

నెలాఖరున కంపెనీ నుంచి గీతిక అనే అమ్మాయి వచ్చింది, వీడియో తీసే మనిషిని వెంటబెట్టుకుని.

"ఆంటీ, మీవి రోజుకు ఆరు వేల అడుగుల నుంచి పదకొండు వేలయ్యాయి! మిగతావాళ్లు రెండు వారాలు ఉత్సాహంగా నడిచి మానేశారు. మా మెసేజ్‌లు చూశాక నడవాలనిపించిందని చెప్పండి, చాలు."

అంతోనమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నాకు నడవాలనిపించిందా? ఎవరు చెప్పారమ్మా నీకు? ఎందుకు నడిచావని ఒక్కరైనా అడిగారా నన్ను?"

"అంతోనమ్మా, నెమ్మది. ఇంటికొచ్చినవాళ్లు," అంది మంజులత.

"నెలంతా నెమ్మదిగానే ఉన్నానండి. రామ్మా, చూద్దువుగాని!" అంటూ గీతిక చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లింది.

మెయిన్ గేటు దాటించి, గుట్ట చుట్టూ, వెనక సందు దాకా నడిపించింది. ఎండకు గీతిక చెమటతో తడిసిపోయింది. అదే సమయానికి వాకింగ్ బూట్లేసుకున్న ఒకావిడ కార్డు చూపించి వెనక గేటులోంచి లోపలికెళ్లింది. ఆ గేటు నుంచి పది గజాలు కూడా లేదు, పనివాళ్లు పైకెక్కే మెట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"మమ్మల్ని రానివ్వరు. అందుకే పదకొండు వేలు," అంది అంతోనమ్మ.

గీతిక తన ఆఫీసరు సిద్ధార్థకు ఫోన్ చేసింది. "అంత గొడవెందుకు, ఆవిడ పేరు లెక్కలోంచి తీసేయ్," అన్నాడాయన. ఫోన్ స్పీకర్లో ఉండటంతో అంతోనమ్మ వింది.

"నా పేరు తీసేస్తారు గానీ, నన్ను నడిపించిన గేటు ఊసెత్తరన్నమాట!"

గీతిక ముఖం ఎర్రబడింది. "తీసేయను సార్. ఆవిడ అడుగులు గేటు మూసినందువల్ల పెరిగాయి, యాప్ వల్ల కాదని రాస్తాను. మీరు కొట్టేస్తే కొట్టేయండి," అని ఫోన్ పెట్టేసింది. వీడియో తీయకుండానే వెళ్లిపోయింది.

అంతోనమ్మ పైకెళ్లి చెప్పింది. "గేటు తీస్తేనే రేపట్నుంచి వస్తానండి."

మర్నాడు ఆమె రాలేదు. సంగతి విని మిగతా వంటవాళ్లూ రాలేదు. మూడో రోజుకి ఫ్లాట్లవాళ్లంతా మళ్లీ మీటింగు పెట్టుకుని, పనివాళ్లకూ గేటు కార్డులివ్వడానికి ఒప్పుకున్నారు. నాలుగో రోజు మంజులత కబురుపెట్టి, తనే సందులోకి దిగి, అంతోనమ్మ పేరున్న కొత్త కార్డు చేతికిచ్చింది.

"నీ కోసం చాలా వాదించాల్సొచ్చింది తెలుసా?"

"నా కోసం ఎందుకండీ, అసలు మూసినప్పుడు వాదించాల్సింది," అంది అంతోనమ్మ. థాంక్స్ చెప్పకుండానే గేటు తీసుకుని లోపలికి నడిచింది.