వట్టి సంచి టీ

కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్ నుంచి గార్డెన్ రీచ్ వైపు నడిచి వెళితే, రేవు గోడ పక్కనే ఉండేది ఆ టీ గోడౌను. పదకొండు మంది శ్రీకాకుళం ఆడవాళ్లు బల్లల ముందు కూర్చుని, చిన్న చిన్న కాగితం సంచుల్లో చెంచాడు చొప్పున టీ పొడి పోసి దారం కట్టేవారు. సంచిని వేడినీళ్లలో ముంచుకుని తాగే సోకు అప్పటికి మనవాళ్లకి లేదు. అవన్నీ ఓడెక్కి దొరల దేశాలకి పోయేవే.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో, వానలు ముదిరిన రోజుల్లో, మేడమీద టీ రుచి చూసే ఘోషాల్ బాబు సరుకంతా ఆపేశాడు. టీ పొగ కంపు కొడుతోందన్నాడు. ఆ మాట కిందికి దిగేసరికి నేరం ఆ పదకొండు మందిలో ఒకతె అమ్మన్నమ్మ మీద పడింది. ఆమె అడ్డపొగ తాగుతుంది మరి, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని.

వాళ్ల చేత పని చేయించే సర్దారు గవరయ్యదీ శ్రీకాకుళం వైపే. హాజరు పుస్తకం తీసి, చుట్ట తాగే ముగ్గురి పేర్లు కొట్టేశాడు.

"నువ్వూ, జగ్గమ్మా, నారాయణమ్మా రేపట్నుంచి రాకండి. మీ సేతుల చుట్ట కంపే ఇదంతా."

జగ్గమ్మ ఏడుపు లంకించుకుంది. అమ్మన్నమ్మ మాత్రం లేవలేదు.

"నాను చుట్ట తాగుతాను గవరయ్యా, కాదన్లేదు. ఇంటికాడ తాగుతాను. నిప్పు నా నోట్లోనే ఉంటాది, బూడిద కూడా కింద పడదు. నీ టీలోకి ఎలగొచ్చీసిందేటి?"

"నోట్లో నిప్పెట్టుకున్నదానికి రుచేటి తెలుస్తాది? ఎల్లెల్లు."

"తెలుస్తాదో లేదో సూద్దాం," అని ఆమె లేచి మెట్లెక్కేసింది. కింది పనివాళ్లెవరూ ఎక్కని మెట్లవి. వెనకాల గవరయ్య "ఓలమ్మో, ఆగెహె!" అంటూ పరిగెత్తాడు.

పైన తెల్లటి కప్పులు వరసగా ఉన్నాయి. ఘోషాల్ బాబు చెంచాతో టీ జుర్రున పీల్చి తొట్టిలో ఉమ్ముతున్నాడు.

"ఏంటి మాశీ?" అన్నాడు, పిన్నీ అని పిలిచినట్టు.

"ఆ చెడ్డ టీ ఒక్క చెంచా ఇవ్వండి బాబూ," అంది అమ్మన్నమ్మ, తనకొచ్చిన బెంగాలీలో.

ఆయనకి నవ్వొచ్చింది, కానీ ఇచ్చాడు. ఆమె కూడా ఆయనలాగే జుర్రి ఉమ్మింది. ఆ వాసన ఆమెకి తెలుసు. చుట్టది కాదు. పెనిమిటి కూర్మయ్య రేవులో తారు పూసిన మోకులు లాగుతాడు. రోజూ సాయంత్రం అతని చొక్కా మీద వేడినీళ్లు పొయ్యగానే బాల్చీలోంచి లేచే వాసన ఇదే. పొడిగా ఉన్నప్పుడు పెద్దగా తెలీదు, వేడినీళ్లు తగిలితే గుప్పుమంటుంది.

"బాబూ, పొడి వెయ్యకుండా వట్టి సంచి మీద నీళ్లు పొయ్యండి."

గవరయ్య పకాలున నవ్వాడు. "వట్టి సంచికి టీ ఏటొస్తాదే? పిచ్చెక్కిందా?"

ఘోషాల్ బాబు నవ్వలేదు. ఖాళీ సంచి ఒకటి కప్పులో వేసి, మరిగే నీళ్లు పోసి మూత పెట్టాడు. అమ్మన్నమ్మ ఇంకో కప్పు ముందుకి లాక్కుంది. పెట్టెలోని పొడి తన వేళ్లతోనే చిటికెడు తీసి, బాగా నలిపి అందులో వేసింది.

"ఇది నా సెయ్యి. దీనిమీదా పొయ్యండి."

ఘోషాల్ బాబు దానిమీదా నీళ్లు పోసి మూత పెట్టి, అయిదు నిమిషాలు ఆగాడు.

మొదటి మూత తియ్యగానే గది నిండా తారు కంపు. రెండో కప్పు ఘోషాల్ బాబు జుర్రాడు, ఆగాడు, మళ్లీ జుర్రాడు. ఈసారి ఉమ్మకుండా మింగేశాడు.

"ఇది శుభ్రంగా ఉంది," అని గవరయ్య వైపు తిరిగాడు. "కాగితం కట్టలు ఎక్కడ పెట్టారు సర్దార్?"

గవరయ్య ఒకడుగు వెనక్కేశాడు. "పైకప్పు కారితేనీ... వారం రోజులు తారు మోకుల కొట్టులో పెట్టించాను బాబూ."

"పనిలోకి వెళ్లు మాశీ," అన్నాడు ఘోషాల్ బాబు. "ఆ చుట్ట మాత్రం మానెయ్యి."

"పనికాడ ఏనాడూ ముట్టలేదు బాబూ. ఇంటికాడ మానను. ఈ సర్దారు మా ముగ్గురి పేర్లూ కొట్టీసినాడు. అతని సేత్తోనే మళ్లీ రాయించండి. అంతదాకా నాను మెట్లు దిగను."

దిగలేదు కూడా. గవరయ్య పుస్తకం పైకి తెచ్చి, నిలబడి, మూడు పేర్లూ రాసేదాకా ఆమె గుమ్మంలోనే కూర్చుంది.

సాయంత్రం గేటు దాటగానే చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి తిప్పుకుంది. గవరయ్య తలొంచుకుని పక్కనుంచి పోతున్నాడు. అమ్మన్నమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"గవరయ్యా, కొంచెం దూరం నడవయ్యా. నీ పుస్తకానికి కంపు అంటుకుంటాది."