అక్క తెచ్చే సంచులు

ఆదివారం పొద్దున పిల్లల గదిలో అల్మరా తలుపు ఊడిపడింది.

చిన్ని వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఆ చప్పుడుకు చేతి సబ్బు చేతికే ఉండగా పరుగెత్తింది. తలుపు ఒక పక్కకు వాలి మంచానికి ఆనుకుని ఉంది. దాని ముందు నడుమెత్తు బట్టల కుప్ప. ఆ కుప్పలోంచి నాలుగేళ్ళ కొడుకు తల మాత్రం పైకి వచ్చింది. బొద్దుగా ఉంటాడని వాడిని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు.

"అమ్మా, అల్మరా వాంతి చేసుకుంది!" అన్నాడు వాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

చిన్ని వాడిని బయటికి లాగి, తల తడిమి, మోచేతులు, మోకాళ్ళు చూసింది. ఎక్కడా గీత కూడా పడలేదు. తలుపు మీద పడకుండా బట్టలే అడ్డుపడ్డాయి. గుండె కుదుటపడ్డాక, కుప్ప వంక చూసి అక్కడే చతికిలబడింది.

ఆమె భర్త కరెంటు లైన్‌మన్. ఆ రోజు డ్యూటీ లేదు. స్క్రూడ్రైవర్ తెచ్చి, ఊడిన బందును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బందు తప్పేం లేదు. పదిమంది ఎక్కాల్సిన బండిలో అరవైమందిని ఎక్కిస్తే తలుపు ఊడక ఏమవుతుంది?"

"బిగించెయ్యండి. నేను సర్దేస్తాను."

"బిగిస్తాను. మళ్ళీ ఇవన్నీ అందులోనే కుక్కావంటే వచ్చే ఆదివారం కూడా నాకు ఇదే పని. ముందు పిల్లలకి ఎన్ని కావాలో తేల్చు."

చిన్ని మందుల షాపులో ఫార్మసిస్టు. గడువు తీరిన మందు ఏ అరలో ఏ మూల నక్కినా పట్టుకుని పక్కన పెట్టేస్తుంది. ఆ విషయంలో షాపు యజమానికి కూడా ఆమె అంటే భయమే. కానీ ఇంట్లో ఆ చురుకుదనం ఏమైపోతుందో ఎవరికీ తెలియదు. బొత్తాలు ఊడిన చొక్కా తీసి "కుడితే సరిపోతుంది" అంది. మోకాళ్ళు చిరిగిన పైజామా తీసి "ఇంట్లోకి బానే ఉంటుంది" అంది. బుడంకాయ ఉయ్యాల్లో ఉన్నప్పటి టోపీ చేతికి తగిలితే ఏమీ అనకుండా ఒళ్ళో పెట్టుకుంది. గంట గడిచేసరికి 'ఇచ్చేసేవి' అనుకున్న మూలలో ఒంటి సాక్సు ఒకటి పడి ఉంది.

"చెరో ఐదు జతలు చాలు," అన్నాడు లైన్‌మన్.

"ఐదా? వానలు పట్టుకుంటే? వాడు అన్నం ఒంపుకుంటే? పన్నెండైనా ఉండాలి."

"నాకే పన్నెండు లేవు."

"మీరు మట్టిలో ఆడుకోరుగా."

"స్తంభాలెక్కుతాను కదా!"

ఇంతలో తొమ్మిదేళ్ళ కూతురు గడపలో నిలబడి గొంతు సవరించుకుంది. ఏ మాటకైనా సాక్ష్యం అడిగే పిల్ల కాబట్టి ఆమెకు లాయరమ్మ అని పేరు. "మీరిద్దరూ ఊరికే పోట్లాడుకుంటున్నారు. నేను వేసుకునే బట్టలు ఈ కుప్పలో లేనే లేవు," అంది.

"మరెక్కడున్నాయే?"

"వెనకాల, తీగ మీద."

ముగ్గురూ వెనక వసారాలోకి వెళ్ళారు. బట్టలారేసే తీగ మీద లాయరమ్మ ప్యాంట్లు మూడు, చొక్కాలు నాలుగు, బుడంకాయ నిక్కర్లు, పడవ బొమ్మ చొక్కా వరసగా గాలికి ఊగుతున్నాయి. వారం వారం ఆ తీగ మీద అవే ఊగుతాయి. ఉతికినవి ఉతికినట్టే లాక్కుని వేసుకుంటారు, అల్మరా దాకా చేరనివ్వరు. చిన్ని రోజూ చూసేదే, కానీ ఇన్నాళ్ళూ తట్టలేదు.

"తీగల సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!" అని లైన్‌మన్ కూతురి భుజం తట్టాడు. "తీర్పు అయిపోయింది. తీగెక్కినవి పిల్లల బట్టలు. అల్మరాలో ఉన్నవి అల్మరా బట్టలు."

అప్పటినుంచి పని పరుగందుకుంది. బడి బట్టలు పక్కన పెట్టి, వారానికి ఏడు జతలు, చలికి రెండు స్వెట్టర్లు అనుకున్నారు. బురద కనిపిస్తే ఆగలేడు కాబట్టి బుడంకాయకి రెండు నిక్కర్లు ఎక్కువ. మిగిలినవన్నీ ఇచ్చేసే మూలకు పోవాలి. అలా సగం దాకా వచ్చి చిన్ని మళ్ళీ ఆగిపోయింది. కుప్ప అడుగున అక్క ఇచ్చిన సంచులున్నాయి.

చిన్ని అక్క తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. బస్సులో అరగంట దూరం. నెలా రెండు నెలలకోసారి సంచి నిండా గౌన్లు తెచ్చి, "మా అమ్మాయికి పొట్టయిపోయాయే, మీ దానికి పనికొస్తాయి" అని పెట్టి వెళుతుంది. అక్క కూతురు చిన్నతనంలో వేసుకున్న బట్టలు కదా, పారెయ్యడానికి చిన్నికి చెయ్యి రాదు. లాయరమ్మ వేసుకోదు. అవి అలా పేరుకుపోయాయి.

"ఇవి ఇచ్చేస్తే అక్క ఏమనుకుంటుందో. దాని కూతురి జ్ఞాపకాలివి," అంది చిన్ని.

లాయరమ్మ ఒక గౌను అందుకుంది. ఛాతీ మీద గొడుగు పట్టుకున్న నీలం నక్కపిల్ల బొమ్మ ఉంది. "అమ్మా, అక్కకి, అదే పెద్దమ్మ కూతురికి, ఇప్పుడు పదహారేళ్ళు కదా?"

"అవును."

"ఇది నాకు సరిపోతుంది. అంటే అక్క దీన్ని ఏడేళ్ళ కిందట వేసుకుని ఉండాలి కదా?"

"పెద్దమ్మ దాచి ఉంచిందేమో."

"ఈ నక్కపిల్ల కార్టూన్ పోయిన సంవత్సరమే వచ్చిందమ్మా. మొదటి భాగం మనం కలిసే చూశాం."

చిన్ని గౌను తీసుకుని తిరగేసింది. పక్క కుట్టులో, ధర చీటీ తగిలించే సన్నటి ప్లాస్టిక్ దారం తుంపు ఇంకా చిక్కుకునే ఉంది. ఇంకో గౌను తీసింది. దాని మెడ దగ్గర కూడా ఉంది. ఎక్కడా మరక లేదు, చంకల్లో అరుగుదల లేదు. చిన్నపిల్ల ఒక్కరోజైనా వేసుకున్న బట్ట అలా ఉండదు.

ఆమె ముఖం వాడింది. "మనం కొనుక్కోలేమనుకుంటోందా? జాలిపడి తెస్తోందా?"

"నన్నడిగితే ఏం తెలుస్తుంది? తెచ్చినావిడని అడుగు," అన్నాడు లైన్‌మన్, బందు బిగిస్తూ.

అడగడానికి ఫోను వెతుక్కోవలసిన అవసరం రాలేదు. మధ్యాహ్నం టీ వేళకి అక్కే వచ్చింది, చేతిలో సంచితో. పిల్లల గదిలోకి తొంగి చూసి, తాను తెచ్చిన గౌన్లన్నీ నేల మీద పరిచి ఉండటం చూసి, సంచిని మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

"ఏంటే చిన్నీ, మా బట్టలన్నీ అవతల పడేస్తున్నారా?"

చిన్ని నోరు తెరిచేలోపే లాయరమ్మ లేచింది. "పెద్దమ్మా, ఈ నక్కపిల్ల గౌను అక్క ఎప్పుడు వేసుకుంది?"

"అదా... చిన్నప్పుడు."

"నక్కపిల్ల అప్పటికి పుట్టలేదు పెద్దమ్మా."

కౌంటరు అవతల ఎంతమంది కేకలేసినా తొణకని మనిషి, ఆ పిల్ల చూపుకి చెవుల దాకా ఎర్రబడింది. లైన్‌మన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, పిల్లలిద్దరినీ వసారాలోకి తీసుకెళ్ళాడు. వెళుతూ వెళుతూ ఆగలేక, "పాతవాటిని కొత్తవని అంటగట్టేవాళ్ళని చూశాను వదినా. కొత్తవాటిని పాతవని ఇచ్చేవాళ్ళని మాత్రం మిమ్మల్నే చూశాను," అన్నాడు.

ఇద్దరే మిగిలారు. అక్క మంచం అంచున కూర్చుంది.

"రెండుసార్లు ఉతికేదాన్నే," అంది చివరికి. "ఇస్త్రీ చెయ్యకుండా మడత పెట్టేదాన్ని. ఆ కార్టూన్ల సంగతి నాకేం తెలుసు?"

"ఎందుకక్కా ఇదంతా?"

"ఎందుకంటే ఏం చెప్పను? పిల్లకి ఏమైనా కొంటానంటే 'వద్దక్కా, ఉన్నాయి' అంటావు. పాతవంటేనేమో కాదనవు. చిన్నప్పటినుంచీ నీకు అదే అలవాటైపోయింది. కొత్తది కొంటే నాకు, అది పొట్టయితే నీకు. నీ ఐదో తరగతి ఫోటో చూడు, నేను రెండేళ్ళు తొడిగి వదిలిన పసుపు గౌనులో నిలబడి నవ్వుతుంటావు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ముద్ద దిగదే. నీకెలాగూ ఇవ్వలేకపోయాను, నీ కూతురికైనా కొత్తవి వేద్దామనుకున్నా."

చిన్ని పెదవి కొసన నవ్వు పుట్టింది, అది ఆగక పెద్దదైంది.

"ఆ పసుపు గౌను కోసం నేనెంత కాచుకున్నానో తెలుసా? అది నీకు పొట్టవ్వాలని రోజూ నీ పక్కన నిలబడి నీ ఎత్తు చూసుకునేదాన్ని. నువ్వు తొందరగా ఎదగాలని నా పాలు కూడా నీ గ్లాసులో పోసేదాన్ని."

"ఓసి దొంగా! నా మీద ప్రేమతో పోస్తున్నావనుకుని నేను మొహమాటానికి తాగేదాన్ని! నాకు పాలంటే అసహ్యమే!"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చిన్ని కళ్ళు తుడుచుకుంది. "నీ బట్టలేసుకుంటే నీలా ఉన్నాననుకునేదాన్ని అక్కా. కొత్తవి నాకెందుకు? కొత్తవాటిలో నువ్వుండవుగా."

అక్క ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నీ కోసమే అని కూడా అనలేనులే," అంది తర్వాత, గొంతు తగ్గించి. "మా పిల్ల ఇప్పుడు నల్ల టీషర్టు తప్ప ఇంకోటి ముట్టుకోదు. నేను కొంటానంటే తలుపేసుకుంటుంది. చిన్నపిల్లల షాపు ముందు నుంచి వెళుతుంటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఆ గౌన్లు చూస్తే అది మళ్ళీ ఇంతదైపోయినట్టు ఉంటుంది."

"మరి దానికి చెప్పావా ఈ మాట?"

"చెబితే నవ్వుతుంది."

"నవ్వనీ. నవ్వితే పోయేదేముంది?"

తర్వాత అక్క కూడా నేల మీద కూర్చుని పనిలోకి దిగింది. ఆమె చెయ్యి పడ్డాక అల్మరా ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టలేదు. కుట్టాలి అనుకున్న చొక్కాలు, ఇంట్లోకనుకున్న పైజామాలు, అన్నీ మూలకు విసిరేసింది. టోపీ జోలికి మాత్రం పోలేదు. లాయరమ్మని పిలిచి, "నిజం చెప్పవే, నా గౌన్లలో నీకు ఏది నచ్చింది?" అని అడిగింది.

లాయరమ్మ తడుముకోకుండా, "ఏదీ నచ్చలేదు పెద్దమ్మా. బాగుంటాయి. కానీ వేటికీ జేబులు లేవు. ఏరుకున్న రాళ్ళెక్కడ పెట్టుకోవాలి?" అంది.

"ఇన్నాళ్ళూ ఆ ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"ఎవరూ అడగలేదుగా."

బుడంకాయతోనే చిక్కొచ్చింది. వాడికి తనవన్నీ కావాలి, లాయరమ్మవీ కావాలి. పోతాయన్న భయంతో మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, పైన స్వెట్టర్ వేసుకుని, చేతులు కిందికి దిగక దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. ముఖమంతా చెమటలు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. కాసేపటికి వాడే ఒక్కొక్కటీ విప్పుకుంటూ, ఏది ఉంచాలో ఏది పోవాలో తేల్చుకున్నాడు. తనకు బిగుతుగా ఉన్న పడవ చొక్కా దగ్గర మాత్రం ఏడుపు ముఖం పెట్టి, చివరికి దాన్ని వాసన చూసి ఇచ్చేశాడు.

సోమవారం ఆ మూటలను చిన్ని బుడంకాయ బడికి తీసుకెళ్ళింది. పిల్లలు నీళ్ళు ఒంపుకున్నా, నిక్కరు తడుపుకున్నా మార్చడానికి టీచరమ్మ బడిలోని చిన్నా పెద్దా పిల్లలందరి కొలతల బట్టలూ ఒక అరలో ఉంచుతుంది. ఆ అర అప్పటికి దాదాపు ఖాళీగా ఉంది. గౌన్లు చూసి ఆమె, "ఇంత కొత్తవి ఇస్తున్నారేంటండీ?" అని ఆశ్చర్యపోయింది.

"కొత్తవి కాదండీ, పాతవే. మా అక్క ఇచ్చింది," అంది చిన్ని, నవ్వు ఆపుకుంటూ.

ఆ వారంలోనే ఒక రోజు బుడంకాయ మూతి ముడుచుకుని ఇంటికొచ్చాడు. వాడి పక్కన కూర్చునే పిల్లాడు పడవ చొక్కా వేసుకున్నాడట.

"వాడికి బాగుందా?" అని అడిగింది చిన్ని.

"తిరగేసి వేసుకున్నాడు. పడవ లోపలికి పోయింది." కాసేపు ఆలోచించి, "నేనే విప్పించి సరిగ్గా వేశాను," అన్నాడు. ఆ తర్వాత చొక్కా ఊసెత్తలేదు.

మరుసటి ఆదివారం అక్క వచ్చింది. ఈసారి సంచి లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుమ్మంలో కాసేపు నిలబడింది. ఆమె వెనకాల, నల్ల టీషర్టులో, ఆమె కంటే జానెడు పొడుగ్గా కూతురు.

"వస్తావా అని ఊరికే అడిగానే. వచ్చేసింది," అంది అక్క చెల్లెలి చెవిలో, నమ్మలేనట్టు.

ఆ పిల్ల ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పిన్ని ఇచ్చిన టీ తాగి, పిల్లల గదిలోకి వెళ్ళింది. అక్కడ ఇప్పుడు నేల కనిపిస్తోంది. లాయరమ్మ తన రాళ్ళన్నీ పరిచి, ఏది ఎక్కడ దొరికిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల బోర్లా పడుకుని వింటూ, మధ్యలో ఏదో అడిగింది. బుడంకాయ ఆమె వీపెక్కి కూర్చున్నాడు. దింపలేదు.

వంటింట్లో అక్కచెల్లెళ్ళు చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. గదిలోంచి ఒక్కసారిగా పెద్ద నవ్వు వినిపించింది. అక్క చెయ్యి ఆగింది. ఆ నవ్వు తన కూతురిదేనని ఆమెకు తెలియడానికి క్షణం పట్టింది.

"ఏం చెప్పుకుని నవ్వుతున్నారంటావే?"

"ఇంకేముంది, మన గురించే అయ్యుంటుంది. నువ్వు ఒలువు," అంది చిన్ని.