పసుపు పెట్టిన పన్ను కాగితం

నేను ఒక పన్ను కాగితాన్ని. పుట్టుకతోనే పిరికిదాన్ని. అమెరికాలో, న్యూజెర్సీలోని ఓ వంటింటి బల్ల మీద ప్రింటర్లోంచి బయటపడ్డాను. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే వకుళ తన రిటైర్మెంటు ఖాతాలో వేసుకున్న డబ్బుకి అప్పటికే పన్ను కట్టేసిందనీ, రేపు దాన్ని వేరే ఖాతాలోకి మార్చినా ఆ డబ్బుకి మళ్ళీ కట్టక్కర్లేదనీ చెప్పేదాన్ని నేనే.

నన్ను పన్నుల ఆఫీసుకి పంపబోయే ముందు వకుళ నాలుగు మూలలా పసుపు రాసింది.

"గవర్నమెంటు కాగితానికి పసుపేమిటే? పెళ్ళి శుభలేఖ అనుకున్నావా?" అని ఆమె భర్త ఫణిభూషణం కసురుకుని, ఇంకొకటి ప్రింటు తీసి పంపాడు. పసుపు పెట్టిన కాగితాన్ని చెత్తలో వెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు. దేవుడి గూట్లో లక్ష్మీదేవి పటం కింద పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ నన్ను మరిచిపోయారు. మనుషులు భద్రంగా దాచిన వాటికి పట్టే గతే అది.

జానెడు దూరంలో దీపం. అది రెపరెపలాడినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయేవి.

తొమ్మిదేళ్ళకి వకుళ ఆ డబ్బు మార్చింది. వెంటనే పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం: మీ పాత కాగితం మా దగ్గర లేదు, నెలలోగా రుజువు చూపండి, లేదా మొత్తానికీ పన్ను కట్టండి. ఫణిభూషణం మళ్ళీ ప్రింటు తీద్దామంటే, అది దాచిన పాత కంప్యూటరు ఎప్పుడో పాడైపోయింది.

"అంత కట్టాలంటే ఇంకో రెండేళ్ళు ల్యాబులో నిలబడాలండీ. ఈ మోకాళ్ళతో నావల్ల కాదు" అని వకుళ ఏడ్చింది.

ఇల్లంతా తిరగేశారు. చివరికి ఆమె పటం ముందు నిలబడి, "తల్లీ, ఆ కాగితం ఎక్కడుందో నువ్వే చూపించు" అని దణ్ణం పెట్టుకుంది. అమ్మ పాదాల కిందే ఉన్నానే! అరవడానికి నోరుంటే కదా.

గడువు ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం పొద్దున, వకుళ పటం తీసి గూడు శుభ్రం చేస్తూ, దీపపు కుందికి పట్టిన మసి తుడవడానికి చేతికందిన కాగితాన్ని ఉండ చుట్టింది. ఆ కాగితం నేనే! అయిపోయాననుకున్నాను. ఇంతలో మూలనున్న పసుపు ఆమె కంటబడింది. "అయ్యో, పసుపు పెట్టిన కాగితం" అంటూ మెల్లగా విప్పి చూసి, "ఏవండీ! ఇలా రండి!" అని కేక పెట్టింది.

నా కాపీ వెళ్ళింది. జవాబు వచ్చిన రోజు ఆ కవరు చింపడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. చివరికి ఫణిభూషణమే చింపాడు. కట్టవలసిందేమీ లేదని ఉంది. వకుళ నేలమీద కూలబడి మోకాళ్ళు పట్టుకుంది. "వచ్చే నెలే మానేస్తానండీ" అంది.

అతను వెళ్ళి పసుపు గిన్నె తెచ్చాడు. ఆ ఉత్తరానికి నాలుగు మూలలా తనే రాసి, పటం కింద నా మీద పెట్టాడు. పాపం, కొత్తది. దీపాన్ని చూసి గజగజ వణికిపోతోంది. భయపడకని చెబుదామనుకున్నాను. అంతలో దీపం రెపరెపలాడింది. ఇద్దరం ఒకరినొకరం గట్టిగా కరుచుకున్నాం.