కొక్కేనికి నలభై ఒకటి

నేను ఒక ఇత్తడి బిళ్ళను. రూపాయి నాణెం కంటే కాస్త పెద్దగా ఉంటాను. నెత్తిన ఒక చిల్లు, ఒంటిమీద నలభై ఒకటి అని అచ్చు. చూసినవాళ్ళు పెంపుడు కుక్క మెడలోదో, లాడ్జి తాళంచెవిదో అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం పోయింది? విమానాలను ఆపినదాన్ని నేను. వాటిని పైకి లేపడానికి ఇంజన్లున్నాయి, పైలట్లున్నారు, మెడలో రిబ్బన్లు కట్టుకున్న పెద్దమనుషులున్నారు. ఊరికే ఒక కొక్కేనికి వేలాడి ఆపగలిగేది మా జాతి ఒక్కటే.

పుట్టింది బాలానగర్‌లో, ఒక చిన్న వర్క్‌షాపు ప్రెస్సు కింద. ఒకే రేకులోంచి మమ్మల్ని వరసగా కొట్టి, మిగిలిన పెద్ద ముక్కతో ఒక పేరు పలక చేశారు. మేమూ ఆ పలకా ఒకే అట్టపెట్టెలో శంషాబాద్ దగ్గరున్న విమానాల మరమ్మతు షెడ్డుకు చేరాం. పలకను తీసుకెళ్ళి మేనేజర్ గారి తలుపుకు బిగించారు. దానికి ఒక గాడి ఉండేది, వచ్చిన మేనేజరల్లా తన పేరు చీటీ అందులో దూర్చుకునేవాడు. మమ్మల్ని మెకానిక్కులకు పంచారు, మనిషికొక అంకె చొప్పున, గుప్పెడేసి.

మా పని చెబుతాను, వినండి. టూల్ రూమ్‌లో గోడంత బోర్డు ఉంటుంది. ప్రతి పనిముట్టుకూ ఒక కొక్కెం, కొక్కెం వెనక ఆ పనిముట్టు ఆకారంలో నల్లరంగు. స్పానర్ తీసుకున్నవాడు దాని చోట తన బిళ్ళ తగిలించాలి. స్పానర్ తెచ్చి తగిలించి తన బిళ్ళ తాను తీసుకోవాలి. ఒక్క బిళ్ళ మిగిలినా విమానం షెడ్డు దాటకూడదు. ఎందుకంటే ఏ రెక్క సందులోనో మరిచిపోయిన చిన్న ముక్క చాలు, పైకెళ్ళాక ఏ తీగకో అడ్డం పడితే ఇక కిందికి దిగడం ఎవరి చేతిలోనూ ఉండదు. ఇంకో నియమం కూడా ఉంది. ఎవరి బిళ్ళ వాళ్ళే తీయాలి. రెండోవాడు ముట్టుకోకూడదు.

నా మొదటి యజమాని ఇన్నయ్య, కాజీపేట మనిషి. నన్ను తగిలించే ముందు చొక్కా చేతికి ఒకసారి రుద్దేవాడు. రిటైరైన రోజు తన బిళ్ళలన్నీ కొత్తగా చేరిన నవనీత చేతిలో పోశాడు. "బిళ్ళ ఏలాడుతుందంటే బండి కదలొద్దు బిడ్డా. ఎవ్వడు చెప్పినా సరే," అన్నాడు. ఆయన లెక్కలో విమానం కూడా బండే. షాద్‌నగర్ పిల్ల నవనీత నవ్వి తలూపింది. అంత తేలికగా ఊపే తల కాదని నాకు తర్వాత తెలిసింది.

ఇన్నయ్య వెళ్ళాక షెడ్డుకు కొత్త గాలి సోకింది. ఫణీంద్ర గారు మేనేజరుగా వచ్చారు. అంతకుముందు పెద్ద పెద్ద హోటళ్ళు నడిపారట. చెడ్డవారేం కాదు, ఎదురుపడితే పేరుపెట్టి పలకరిస్తారు. వచ్చీరాగానే అందరికీ పసుపు టీషర్టులు పంచారు. వాటి వీపు మీద "మనమంతా ఒక కుటుంబం" అని ఉండేది. షెడ్డు మధ్యలో ఒక గంట వేలాడదీశారు. విమానం వేళకు బయటికి వెళ్తే దాన్ని మోగించి అందరూ చప్పట్లు కొట్టాలి. మోగని రోజు మీటింగు. మీటింగులో ఎవరైనా "మనుషులు చాలట్లేదు సార్," అంటే "పాజిటివ్‌గా మాట్లాడదాం," అనేవారు. రెండోసారి అన్నవాడికి ఎండలో రన్‌వే పక్కన డ్యూటీ పడేది. మనుషులు తెలివైనవాళ్ళు కదా, తొందరగానే నేర్చుకున్నారు. నోళ్ళు మూతపడ్డాయి, గంట మాత్రం తెగ మోగింది. ఒకరిద్దరు పనిముట్టు దొరక్కపోయినా బిళ్ళ తీసి జేబులో వేసుకోవడం మొదలుపెట్టారు. అది చూసిన ప్రతిసారీ నా ఒళ్ళు మండేది. మండి మాత్రం ఏం చేయను, నాకు కాళ్ళా చేతులా?

ఒక మధ్యాహ్నం నవనీత నన్ను తగిలించి కాడ అద్దం తీసుకుంది. స్టీలు కాడ చివర చిన్న గుండ్రటి అద్దం. తల దూరని సందుల్లోకి దాన్ని పెట్టి చూస్తారు. విమానం సాయంత్రం బయల్దేరాలి. అందరితో పాటు భోజనానికి వెళ్ళొచ్చి, పని ముగించి ట్రే సర్దుకుంటే అన్నీ ఉన్నాయి, అద్దం లేదు.

వెతికారు. ఆమె, తోటి మెకానిక్కులు, టూల్ రూమ్ చూసుకునే గఫూర్. రెక్కల కింద, చక్రాల గూళ్ళలో, చెత్తబుట్టల్లో కూడా వెతికారు. వేళ మించిపోతోంది. ఫణీంద్ర గారు ఒక చెవికి ఫోను ఆనించుకునే వచ్చారు. ఆయన మీద ఆయన పైవాళ్ళు అరుస్తున్నారు పాపం, ఆ అరుపు నాక్కూడా వినబడింది.

"ఒక్క అద్దమేగా? కొత్తది తెప్పిస్తాను. ఆ బిళ్ళ తీసెయ్."

"దొరికేదాక తియ్యను సార్."

"విమానంలో అంతా వెతికారు కదమ్మా, లేదుగా!"

"ఏడున్నదో తెల్వనంత సేపు విమానంలనే ఉన్నట్టు లెక్క సార్."

ఆయన ఫోను జేబులో పెట్టి, గొంతు తగ్గించారు. "నవనీతా, నీ పర్మనెంట్ ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది. సంతకం ఒక్కటే బాకీ. తెలుసుగా?"

తెలుసు. ఆ ఉద్యోగం మీద ఆమె శంషాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని తమ్ముణ్ణి చదివిస్తోంది. అయినా ఆమె చెయ్యి నా వైపు రాలేదు.

అప్పుడు ఆయనే వచ్చి నన్ను కొక్కెం మీంచి లాగేశారు. "సాబ్, అట్ల ముట్టొద్దు! ఎవల బిళ్ళ వాళ్ళే తియ్యాలె," అని గఫూర్ కేక వేశాడు. వినలేదు. నన్ను తీసుకెళ్ళి ప్యాంటు జేబులో వేసుకున్నారు.

ఆ జేబులో నాతోపాటు ఒక కారు తాళం, రెండు మింటు బిళ్ళలు ఉన్నాయి. చీకటి. బయటి నుంచి ఒక చప్పుడు వినిపించింది. టింగ్. నవనీత తన ఇంకో బిళ్ళ తగిలించింది, నా తోబుట్టువును. ఆయన దాన్నీ లాగి నా పక్కన పడేశారు. టింగ్, మూడోది. ఆయన మళ్ళీ చెయ్యి చాచి ఉంటారు, అంతలో ఇంకోవైపు నుంచి ఒక టింగ్. అది మా ఇంటి గొంతు కాదు, వేరే అంకె. ఆ తర్వాత బోర్డు పొడుగునా అదే చప్పుడు. ఎవరికీ పని లేదు, అయినా పనిముట్టు తీసి చేత పట్టుకుని బిళ్ళ తగిలిస్తున్నారు. జేబులో బిళ్ళలు వేసుకోవడం నేర్చిన ఆ ఒకరిద్దరు కూడా. నాకు ఎంత గర్వం కలిగిందంటే, ఆ చీకటి జేబులోనే మెరిసి ఉంటాను.

"ఏంటిది? ఏంటిదంతా?" అన్నారు ఫణీంద్ర గారు.

"కుటుంబం సార్," అంది ఎవరిదో గొంతు.

ఆయన విసవిసా తన గదికి నడిచారు. పైవాళ్ళకు ఫోను చేయడానికి కూర్చుని జేబులోవన్నీ బల్లమీద కుమ్మరించారు. అప్పుడు చూశాం, నేనూ ఆయనా ఒకేసారి. బల్ల చివర ఫోటోగ్రాఫర్ వదిలివెళ్ళిన సంచి ఉంది. మధ్యాహ్నం షెడ్డంతా భోజనానికి వెళ్ళినప్పుడు ఫణీంద్ర గారు పోస్టరు కోసం ఇంజను పక్కన నిలబడి ఫోటో దిగారు. పోస్టరు మీద "భద్రతే మా ఊపిరి" అని రాస్తారట. చేతిలో ఏదైనా ఉంటే బాగుంటుందని ఆ ఫోటోగ్రాఫర్ కుర్రాడు దగ్గర్లో ఉన్న ట్రేలోంచి ఏదో తీసి ఇచ్చాడు. ఇప్పుడు సంచిలోంచి దాని స్టీలు కాడ బయటికి కనిపిస్తోంది.

ఆయన దాన్ని మెల్లగా బయటికి లాగారు. సొరుగు కూడా తెరిచారు. అందులో పడేస్తారేమో అనుకున్నాను. కానీ మూసేశారు. అద్దాన్నీ మమ్మల్నీ పట్టుకుని షెడ్డులోకి వచ్చి, "ఇదిగో, దొరికింది. ఇక పదండి," అన్నారు.

ఎవరూ కదల్లేదు. నవనీత అద్దం కాడ మీది అంకె చూసింది. అదే.

"ఏడ దొరికింది సార్?"

"దొరికిందిగా. ఎక్కడైతే ఏం?"

"ఇంతమందిమి ఎతికినం సార్. చెప్పాలె గద."

బోర్డు నిండా బిళ్ళలు వేలాడుతున్నాయి. ఫోను మోగింది, ఆయన ఎత్తలేదు.

"నా గదిలో," అన్నారు. "నేనే తీశాను. ఫోటో కోసం."

ఆయన గుప్పిట్లోంచి నవనీత నన్ను తీసుకుంది. అద్దం తన చోటికి చేరింది. ఒక్కొక్కరే వచ్చి తమ బిళ్ళలు తీసుకున్నారు. విమానం బాగా ఆలస్యంగా వెళ్ళింది. అది షెడ్డు దాటుతుండగా గఫూర్ వెళ్ళి గంట కొట్టాడు. వేళ తప్పిన విమానానికి ఆ గంట మోగడం అదే మొదలు. చప్పట్లు కొట్టండని ఎవరూ చెప్పలేదు, అందరూ కొట్టారు.

ఇంతటితో అంతా బాగుపడిందనుకుంటున్నారా? మీరు మనుషుల కంపెనీల్లో పనిచేయలేదన్నమాట. నెలాఖరుకు నవనీత పర్మనెంట్ ఆర్డరు రాలేదు. ఆరు నెలలు వాయిదా, కారణం "కుటుంబ భావన తక్కువ". ఆ సాయంత్రం ఆమె టూల్ రూమ్ వెనక నిలబడి ఏడ్చింది. నేను ఆమె గుప్పిట్లోనే ఉన్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి, చొక్కా చేతికి రుద్ది, నన్ను తగిలించి పనిలోకి వెళ్ళింది. ఆరు నెలలూ అలాగే తగిలించింది. చివరికి ఆర్డరు ఇవ్వక తప్పలేదు.

ఫణీంద్ర గారికి పైపదవి వచ్చింది. ఆ పోస్టరు ఇప్పటికీ గోడ మీదుంది, చేతిలో అద్దంతో ఆయన నవ్వుతూ ఉంటారు. కొత్త మేనేజరు గాజు తలుపు పెట్టించుకున్నాడు. పలక తుక్కు డబ్బాలో పడింది. దాని వెనకే మా వంతూ వచ్చింది. బిళ్ళలెందుకు, పనిముట్లన్నీ ఇక కంప్యూటరే చూసుకుంటుందన్నారు. మమ్మల్నీ అదే డబ్బాలో పోశారు. చాలా ఏళ్ళకు మా పలకను దగ్గరగా చూశాను. గాడి ఖాళీగా ఉంది.

కంప్యూటరు నేర్పడానికి వచ్చినాయన అంతా వివరించి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నాడు. నవనీత లేచింది.

"టూల్ రాలేదని ఇది చూపిస్తే, ఆఫీసుల కూసున్నోళ్ళు దాన్ని తీసెయ్యొచ్చా సార్?"

ఆయన కొత్త మేనేజరు వైపు చూశాడు. "మేనేజరు పాస్‌వర్డ్‌తో తీసెయ్యొచ్చు," అని ఒప్పుకున్నాడు.

"అయితే ఇవి గూడ ఉండనియ్యుండ్రి," అని ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి వెతికి, నలభై ఒకట్లన్నీ ఏరుకుంది. ఆమె వెనక మిగతావాళ్ళు వరస కట్టారు. పలకను ఎవరూ తీసుకోలేదు.

నేనింకా ఇక్కడే ఉన్నాను, అదే కొక్కేనికి. మీరెంత పెద్దవారైనా కావచ్చు, మీ విమానానికి ఎంత వేళైనా మించిపోవచ్చు. నేను వేలాడుతూ కనిపిస్తే మాత్రం ఆగండి. నన్ను తీయాల్సిన మనిషి పనిలో ఉంది.