గాజుల మీద తీర్పు

వాగు ఒడ్డున పదోరోజు దినాలు జరుగుతున్నాయి. ఇద్దరు ఆడవాళ్లు దీక్షిత చేతులు బిగించి పట్టుకున్నారు. గాజులు పగలగొట్టడానికి మూడో ఆమె రాయెత్తింది.

"వద్దు! నాకొద్దు!" దీక్షిత పెనుగులాడుతోంది. బోధన్ పోయే దారిలో చెరుకు ట్రాక్టర్ బోల్తాపడి ఆమె భర్త చనిపోయాడు.

పక్కింటి ముత్తవ్వ ఇక చూడలేకపోయింది. తనకూ ఒకనాడు ఇట్లాగే చేశారు. ఉరికొచ్చి ఆ రాయి గుంజుకుని వాగులోకి విసిరేసింది.

"పోరి వద్దంటుంటె మీకు ఇనబడ్తలేదా?"

ఊరి కమిటీ పెద్ద రాజేశ్వర్ లేచాడు. "గిది తాతల కాలం నుంచి ఉన్న ఆనవాయితి. నడుమ నువ్వెవ్వలు?"

"తాతలు పెట్టిండ్రు. అవ్వలను అడిగిండ్రా?"

"తప్పితె ఊరికి అరిష్టం!"

"నీ పెండ్లాం సచ్చిననాడు నువ్వేం తీసినవ్ పటేలా? వేలికున్న ఉంగరం గూడ తియ్యలే. ఏడాది తిరగకముందె మల్ల పెండ్లి జేసుకున్నవ్. అప్పుడు రాలేదా అరిష్టం?"

రాజేశ్వర్ మొహం నల్లబడింది. సాయంత్రానికి ఊళ్లో చాటింపు వేయించాడు. ఆ రెండిళ్లతో ఎవరూ మాట్లాడొద్దు, కిరాణా సామాను ఇవ్వొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు.

తెల్లారి బీడీ కార్ఖానాలో ముత్తవ్వకు, దీక్షితకు ఆకు, తంబాకు ఇవ్వలేదు. వరసలో ఉన్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

"కమిటీతోని మనకెందుకవ్వా? భయమైతది," అంది సవిత.

"నాకు లేదా భయం? ఇద్దరమైతె వెలేస్తరు. అందరం ఒక్కటైతె ఎవలను వెలేస్తరు? రేపు నీ చేతులు పట్టుకుంటె ఎవలొస్తరే?"

 సవిత బీడీలు చుట్టే తన చాట కింద పెట్టేసింది. ఆ వెనక ఇంకొకామె. చూస్తుండగానే కార్ఖానా వాకిలి నిండా చాటలే. ఆ రోజు అక్కడ ఒక్క బీడీ చుట్టలేదు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఊళ్లో గొడవలు రేపుతోందని కమిటీ ఫిర్యాదు. పోలీసులు ముత్తవ్వను ఎక్కించుకున్నారు.

"మమ్ములను గూడ ఎక్కించుకో సారూ!" సవిత అరిచింది. జీపు ఆగలేదు.

వాళ్లు ఇళ్లకు పోలేదు. నవీపేట్ ఠాణా దిక్కు నడిచారు. విధవలు మూలకు కూర్చోవాలన్న ఊళ్లో విధవలే ముందు వరస కట్టారు. వాళ్లలో అందరికన్నా ముందు దీక్షిత.

ఠాణాలో చెప్పవలసింది చెప్పి రాజేశ్వర్ బండి మీద ఎదురొస్తున్నాడు. విధవ ఎదురైతే ప్రయాణం మానుకునే మనిషి. బ్రేకు వేసి, రోడ్డు పొడుగునా వస్తున్న వాళ్లను చూశాడు.

దీక్షిత ఆగలేదు.

"జరుగు పటేలా, తొవ్వకు అడ్డమున్నవ్."

రాజేశ్వర్ బండి వెనక్కి తిప్పుకున్నాడు.