గవర్నరు గారి బొగ్గు

పటం మీద తన కొండవాలు ఎర్రగా కనిపించగానే ఇయోసెపాకు నోట్లో కాఫీ మింగుడుపడలేదు.

శనివారం పొద్దున్నే చర్చి పక్కనున్న హాలులో ఊరంతా చేరింది. హీలో పట్నం నుంచి వచ్చిన భూగర్భ శాస్త్రజ్ఞురాలు డాక్టర్ నాకాసోనే కొత్త పటం గోడకు అంటించింది. మౌనా లోవా అగ్నిపర్వతం మీద ఏ లావా ఎప్పుడు పారిందో కాలానికో రంగు వేసి చూపించే పటం అది. పాతవి పచ్చ, నడిమివి పసుపు, మొన్నమొన్నటివి ఎరుపు. మౌనా లోవా చూడడానికి కొండలా ఉండదు. ఢామ్మని పేలి ఊళ్ళను హడలగొట్టే రకమూ కాదు. పల్చటి లావాను అట్టు మీద అట్టు పోసినట్టు లక్షల ఏళ్ళుగా తన మీద తానే పోసుకుంటూ, బోర్లించిన పళ్ళెంలా వెడల్పుగా పడి ఉంటుంది. ఆ అట్లలో ఒకటి ఇయోసెపా పెరటి వెనక నుంచి సముద్రం దాకా పోయింది. వాళ్ళ ముత్తవ్వకు ముత్తవ్వ చేపలవల భుజాన వేసుకుని దాని ముందు పరుగెత్తిందని ఇంట్లో చెప్పుకుంటారు. రెండు వందల డెబ్భై ఏళ్ళ కిందటి మాట.

పటం మాత్రం యాభై ఏళ్ళు కూడా కాలేదంటోంది.

"లావా అంచు కింద బొగ్గు దొరికింది," అంది డాక్టర్. "లావా చెట్ల మీదుగా పారితే కింద వేళ్ళు గాలాడక మాడి బొగ్గవుతాయి. ఆ బొగ్గు వయసు ఎంతో లావా వయసు అంతే. రెండుసార్లు పరీక్ష చేయించాం. నలభై, నలభై అయిదేళ్ళు. అంతకు మించి లేదు."

హాలు గొల్లుమంది.

"ఒరేయ్ ఇయోసెపా! నీ పెరట్లో కొండ బద్దలై నిప్పులు పారుతుంటే నిద్రపోయావుట్రా?" ముందు వరుసలోంచి లూకియా అరిచింది. ఇయోసెపాకు పక్కింటి మనిషి ఆమె. డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చినా గొంతు మాత్రం తగ్గలేదు.

"వాడు నిద్రపోయాడంటే నమ్మొచ్చు. పొయ్యి మీద అన్నం మాడినా లేవడు," అని వెనక నుంచి ఎవరో అందించారు.

అందరూ నవ్వారు కాని ఇయోసెపా మనవరాలు మాహెయా నవ్వలేదు. ఆ వాలు మీదే ఇల్లు కట్టుకోవాలని రెండేళ్ళుగా కాగితాల మీద గీసుకుంటోంది. వంటింటి కిటికీ ఎటు తెరవాలో కూడా తేల్చుకుంది. ఎరుపులో పడితే అనుమతి రాదు, బీమా అసలే రాదు. పిల్ల పటం దగ్గరికి వెళ్ళి ఆ ఎర్ర మచ్చ మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. అది చూసి ఇయోసెపా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఎందుకంటే ఆ బొగ్గు ఎక్కడిదో ఈ భూమ్మీద అతనొక్కడికే తెలుసు.

నలభై అయిదేళ్ళ కిందట అతని కూతురికి, అంటే మాహెయా తల్లికి, ఏడాది నిండింది. మొదటి పుట్టినరోజంటే ఊరంతటికీ పంది విందు పెట్టాల్సిందే. తీరా ముందురోజు ఇతని పంది కంచె విరగ్గొట్టుకుని అడవిలో పడింది. అదే వేళకు లూకియా పంది, పేరు గవర్నరు, తనంతట తాను నడుచుకుంటూ ఇతని గుమ్మంలోకి వచ్చింది. లూకియా చెల్లెలి పురుడుకని హోనోలులు వెళ్ళింది. ఇయోసెపా గవర్నరు మొహం చూశాడు. గవర్నరు ఇతని మొహం చూసింది. మిగిలింది చెప్పక్కర్లేదు. రోడ్డుకు కనబడకుండా లావా అంచు కింద గుంత తవ్వి, కట్టెలు పేర్చి రాళ్ళు కాల్చి, ఆకులు పరిచి పందిని పెట్టి మట్టి కప్పాడు. అందరికీ అడవిపంది అని చెప్పాడు. ఎవరూ గుర్తుపట్టకుండా తల మాత్రం గుంతలోనే పూడ్చేశాడు. మిగతాదాంట్లో ఊరు ఎముకలు కూడా వదల్లేదు.

లూకియా తిరిగొచ్చి ఏడుస్తుంటే, "పెలే తల్లి తీసుకుపోయి ఉంటుందక్కా, ఆ తల్లికి పందులంటే మొదట్నుంచీ పడదుగా," అని ఓదార్చాడు. ఓదార్చి ఊరుకున్నాడా? ఒక ప్లేటు మాంసం కూడా పంపాడు. అప్పట్నుంచి ఏటా లూకియా ఆ లావా అంచున ఆకుల దండ వేసి, కొండలో ఉండే అగ్నిదేవత పెలే తల్లిని నాలుగు తిట్లు తిట్టి వస్తోంది.

ఇయోసెపా డాక్టర్‌ను పక్కకు పిలిచాడు. "అమ్మా, ఆ బొగ్గు తప్పేమో?"

"నాకూ అనుమానంగానే ఉంది అంకుల్. అక్కడెవరైనా నిప్పు పెట్టారా? మధ్యాహ్నంలోగా ఒక్కరు సాక్ష్యం చెప్పి చోటు చూపిస్తే రంగు మార్చేస్తాను. లేకపోతే పటం ఇలాగే అచ్చుకు పోతుంది."

"ఎవరు పెడతారమ్మా ఆ రాళ్ళల్లో," అనేసి బయటికొచ్చాడు. గుమ్మం దగ్గర అతని పెంపుడు పంది సెనేటరు కట్టేసి ఉంది. ఎక్కడికెళ్ళినా కుక్కలా వెంటపడుతుంది. దాని చెవి గోకుతూ కాసేపు కూర్చున్నాడు. లోపల మాహెయా ఇంటి కాగితాలు చుట్ట చుట్టి సంచిలో పెట్టుకోవడం కనబడింది. ఇక ఆగలేకపోయాడు.

"ఆ బొగ్గు లావాది కాదు," అన్నాడు హాలు మధ్య నిలబడి. "నాది."

"నీదేంట్రా?" అంది లూకియా.

"నేను వండాను."

"ఏం వండావు?"

ఇయోసెపా చెప్పులు చూసుకున్నాడు. "గవర్నరుని."

"ఏ గవర్నరుని?" డాక్టర్ చేతిలో పెన్ను జారిపోయింది. ఆమె హీలో మనిషి, పాపం.

ఊళ్ళో మిగతావాళ్ళకు అర్థమైంది. వెనక వరుసలో ముసలివాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. అప్పటికి పుట్టనివాళ్ళు తప్ప ఆ విందు తినని మనిషి హాలులో లేడు. లూకియా మాత్రం గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని బయటికి నడిచింది. ఊరంతా ఆమె వెనకే నడిచింది.

లావా అంచు కింద రాళ్ళు లాగితే గుంత బయటపడింది. మాడిన రాళ్ళు, బొగ్గు, అడుగున ఒక దవడ. ఎడమ కోర వంకర. లూకియా దాన్ని గౌనుకు తుడిచి చూసింది.

"మా గవర్నరే," అంది. వంకర కోరను వేలితో తడుముతూ, "ఆ ప్లేటు నేను ఏడుస్తూ తిన్నాన్రా. బాగుందని మళ్ళీ అడిగి పంపించుకున్నాను కూడా."

"అడిగితే ఇచ్చేదానివా అక్కా?"

"చచ్చినా ఇచ్చేదాన్ని కాదు! కానీ ఊరంతటినీ పిలిచి నన్నొక్కదాన్నే వదిలేశావే. రమ్మని ఒక్క కబురు పెడితే హోనోలులు నుంచి విమానమెక్కి వచ్చేదాన్ని. ఆ పిల్ల పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను కాదుట్రా? ఏడాది నిండితే మెళ్ళో దండ వేయడానికి నేను పనికిరాకపోయానా?"

పంది గురించి తిడుతుందని ఇయోసెపా నలభై అయిదేళ్ళుగా భయపడ్డాడు. దీని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

"పైగా ఏ పాపమూ ఎరగని ఆ తల్లిని ఏటా నాచేత తిట్టించావు. ఇక నుంచి దండ నువ్వు తే. తెచ్చి, దొంగతనం నాది, నింద నీ మీద వేశానని చెప్పు. గట్టిగా చెప్పు, మా ఇంట్లోకి వినపడాలి."

గుంతకు ఇంకా లోపలగా, లావా అడుగున అంటుకుని సన్నటి వేరు బొగ్గు దొరికింది. అది లావా కాల్చిన అసలు బొగ్గని, దాన్ని పరీక్షకు పంపుతానని, ఎరుపు ఇవాళే తీసేస్తానని డాక్టర్ చెప్పింది. పైబొగ్గుకు పుస్తకంలో ఏం రాయాలో తెలియక తల గోక్కుంది.

"రాసుకో," అంది లూకియా. "1979, మే పన్నెండు, శనివారం. నేను హోనోలులులో ఉన్నాను."

ఆ కొండ మొత్తం మీద వారంతో సహా వయసు తెలిసిన బొగ్గు ఇదొక్కటే అంది డాక్టర్. కారణం అన్న చోట 'వంట' అని రాసుకుంది.

పరీక్షలో వేరు బొగ్గు ముత్తవ్వ మాటే నిజమంది. వాలు పచ్చబడింది, అనుమతీ వచ్చింది. మాహెయా పునాది వేసే వారం విందుకు పందిని తానే ఎంచుతానని లూకియా ఇయోసెపా దొడ్లోకి వచ్చింది. కాదనడానికి అతనికి మొహం లేదు. ఒక్కొక్కదాని పక్కటెముకలు తడుముతూ చివరికి సెనేటరు దగ్గర ఆగింది. దొడ్డిలో దానంత బలిసింది ఇంకోటి లేదు. ఇయోసెపా దాని తాడు గట్టిగా పట్టుకున్నాడు. లూకియా చాలాసేపు దాని చెవి గోకింది.

"ఇది వద్దు," అంది. "దీనికి పేరుంది."

ఇయోసెపా గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.